రథమున్నది, సారథి యేడి?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో పాత కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డులను గూర్చియు, వాని డ్రైవర్లను గూర్చియు చేసిన ఉపన్యాసమునకు పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున గడచిన కాలమును కొనియాడుట ఆచారము. అది తగినదే. అయినను గ్రంథాలయమునకు వచ్చువారు నేడు బీరువాల యొద్దకు మాత్రమే వచ్చుట లేదు. ఒకరు పరీక్షాఫలితము చూచుకొనవలెనని వత్తురు. ఒకరు పొలము అడంగలు ప్రతికై వత్తురు. వేఱొకరు ఎక్కడను దొరకని ప్రాత పుస్తకముయొక్క ఛాయాప్రతిని చదువగోరి వత్తురు. వీరందఱును పోవునది బల్లమీది కంప్యూటరు కడకే. పల్లెటూరి గ్రంథాలయములలో నుండు కంప్యూటరు చాలవఱకు కొన్నది కాదు. పట్టణమున నొక కార్యాలయమున పది సంవత్సరములు పనిచేసి, అక్కడ పనికిరాదనిపించుకొని, దాత దయవలన వచ్చినది. అట్టి యంత్రమునకు సాధారణముగా వచ్చు వ్యాధి యొకటి కలదు. గ్రాఫిక్స్ కార్డు బాగుగనే యుండును, దానికి తగిన డ్రైవరు దొరకదు. ఈ వ్యాధి యొక్క నిదానమును, చికిత్సను తెలిసికొనుట నేటి ప్రసంగ విషయము.

నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమున వెలసిన తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వముతో నారంభించెను. అందు ఉత్తరకుమారుని కథ యెఱుగనివారుండరు. కౌరవులు గోవులను మరల్చుకొనిపోవుచుండగా ఉత్తరుడు అంతఃపుర స్త్రీల నడుమ కూర్చుండి, తనకు తగిన సారథి లేడు గాని లేకున్న శత్రువులను చీల్చి చెండాడెదనని పలికెను. ఆ మాట ప్రగల్భమే యైనను అందొక సత్యము కలదు. రథమున్నది, గుఱ్ఱములున్నవి, ఆయుధములున్నవి. వానిని నడుపు విద్య తెలిసినవాడు లేడు. బృహన్నల పగ్గములు పట్టిన పిదపనే ఆ రథము కదలినది.

కంప్యూటరులోని డ్రైవరు అట్టి సారథియే. ఆ ఆంగ్లపదమునకు అర్థము కూడ నడుపువాడనియే. గ్రాఫిక్స్ కార్డనగా తెరపై కనబడు ప్రతి యక్షరమును, ప్రతి చిత్రమును చుక్కలు చుక్కలుగా కూర్చు పలక. విండోసు, లినక్సు మొదలైన నిర్వహణ వ్యవస్థలు ఇచ్చు నాజ్ఞ యొక భాషలో నుండును. కార్డులోని చిప్పుకు తెలిసిన భాష మఱియొకటి. రెండు భాషలును తెలిసి నడుమ నిలిచి పని నడిపించు చిన్న కార్యక్రమమే డ్రైవరు. చిప్పు మారిన డ్రైవరు మారవలెను. నిర్వహణ వ్యవస్థ మారినను డ్రైవరు మారవలెను. వ్యాధికి మూలమంతయు ఈ రెండవ మాటలో నున్నది.

సారథి లేని కార్డును గుర్తించుట కష్టము కాదు. తెర వెలుగును గాని బొమ్మలు ప్రక్కలకు సాగి, మనుష్యులు పొట్టిగా లావుగా కనబడుదురు. అక్షరముల యంచులు మసకబారును. పుటను క్రిందికి జరిపిన అలలవలె తునకలు తునకలుగా కదలును. చలనచిత్రము ఆగి యాగి నడచును. ఇట్టి స్థితిలో విండోసు తనలో నున్న సామాన్యపు డ్రైవరుతో కాలము గడుపుచుండును. అద్దె బండివాడు ఊరు చేర్చును గాని గుఱ్ఱము స్వభావమెఱుగడు. చేయవలసిన పనియంతయు ప్రధానమగు ప్రాసెసరుపై పడి, అసలే ముసలిదైన యంత్రము మఱింత రొప్పును. చూచినవారు, ఇది చచ్చిపోయినది, పాత సామానులవానికిచ్చివేయుడని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు అనేకసార్లు తప్పు.

సముద్రపు టొడ్డున నున్న ఊళ్లలో మాత్రము డ్రైవరును శంకించుటకు ముందొక సంగతి చూడవలయును. ఉప్పుగాలి లోహమును తినును. విద్యుత్తు తీగె పూర్తిగా ఊడదీసి, కార్డును మెల్లగా వెలికి తీసి, దాని యడుగున నుండు బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, దుమ్ము దులిపి మరల నొక్కి పెట్టవలెను. కార్డుపై ఫంకా యున్నచో అది తిరుగుచున్నదో లేదో చూడవలెను. ఇంత చేసిన పిదప గూడ తెర యట్లే యున్నచో అప్పుడు సారథిని వెదకుట న్యాయము.

ఇక సారథులు ఎట్లు మాయమగుదురో విచారింపవలయును. కార్డును తయారుచేసిన సంస్థ దాని డ్రైవరును కొన్ని యేండ్లు మాత్రమే సవరించుచుండును. క్రొత్త కార్డులు అమ్మవలసిన సంస్థకు పాతవానిపై మక్కువ తగ్గుట లోకసహజము. అదే సమయమున మైక్రోసాఫ్టు సంస్థ క్రొత్త విండోసును తెచ్చుచుండును. విండోసు ఎక్స్‌పీకి సహాయము 2014 ఏప్రిల్ 8న నిలిచినది. విండోసు 7కు 2020 జనవరి 14న నిలిచినది. విండోసు 10కి 2025 అక్టోబరు 14న సామాన్య సహాయము ముగిసినది. ఎక్స్‌పీ నాటి పద్ధతిలో వ్రాసిన చిత్ర డ్రైవర్లు 2012లో వచ్చిన విండోసు 8 మొదలుకొని యసలే చెల్లవు. పడవ చెడకపోయినను కాలువ పూడిపోయినచో పడవ నిలిచిపోవును గదా. ఒకనాడు సరకు పడవలతో కళకళలాడిన బకింగ్‌హాం కాలువను చూచినవారికి ఈ మాట వేఱుగ చెప్పనక్కరలేదు.

వెదకువారు మొట్టమొదట చేయు పొరపాటు కార్డును పేరుతో వెదకుట. గ్రామములో ఒకే పేరుగలవారు నలుగురుందురు. పట్టా యెవరిదో తేల్చునది పేరు కాదు, సర్వే నంబరు. కార్డులకును అంతే. ఎన్‌విడియా వారి జీఫోర్స్ జీటీ 730 అను కార్డు 2014లో వచ్చినది. మన దేశమున విరివిగా అమ్ముడుపోయినది. ఆ యొక్క పేరుతోనే రెండు వేర్వేఱు జాతుల చిప్పులు అమ్మబడినవి: కొన్నిట ఫెర్మీ జాతి, కొన్నిట కెప్లర్ జాతి. పెట్టెపై పేరొక్కటే. ఫెర్మీ జాతికి సంస్థ సామాన్య డ్రైవర్లను 2018 ఏప్రిల్‌లో ఆపినది; కెప్లర్ జాతికి 2021లో ఆపి, భద్రతా సవరణలు మాత్రము 2024 సెప్టెంబరు వఱకు ఇచ్చెదనని ప్రకటించినది. లినక్సులో మొదటిదానికి 390వ శ్రేణి డ్రైవరు, రెండవదానికి 470వ శ్రేణి డ్రైవరు. ఒకదానిది మఱియొకదానికి పెట్టిన పని జరుగదు. పేరు నమ్మి మూడు దినములు వెదకి విసిగి యంత్రమును మూలబెట్టువారి కష్టమునకు కారణమిదియే.

కావున సర్వే నంబరు చూడవలెను. విండోసులో డివైస్ మేనేజరు తెఱచి, డిస్‌ప్లే అడాప్టర్లు అనుచోట నున్న పేరుపై కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులో డిటెయిల్సు అను పుట తీసి, హార్డ్‌వేర్ ఐడీలు అనుదానిని ఎన్నుకొనవలయును. అచ్చట వెన్ అను మాట తరువాత నాలుగు స్థానముల గుర్తు, డెవ్ అను మాట తరువాత మఱి నాలుగు స్థానముల గుర్తు కనబడును. మొదటిది తయారుచేసినవారి ఇంటిపేరు; రెండవది చిప్పు యొక్క సొంత నంబరు. మొదటిది 10డీఈ యైన ఎన్‌విడియా, 1002 యైన ఏటీఐ లేక దానిని కొన్న ఏఎమ్‌డీ, 8086 యైన ఇంటెల్. ఇంటెల్ వారు 1978లో తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరే వారి గుర్తుగా నిలిచినది. లినక్సులో ఎల్‌ఎస్‌పీసీఐ అను నాజ్ఞను -nn అను గుర్తుతో ఇచ్చిన ఈ వివరమే వచ్చును. రెండు గుర్తులను కాగితముపై వ్రాసికొనక వెదకుట ఆరంభింపరాదు. దానితోపాటు విండోసు 32 బిట్లదో 64 బిట్లదో కూడ వ్రాసికొనవలెను. ఒకదాని డ్రైవరు మఱొకదానిలో చెల్లదు.

గుర్తులు చేతికి వచ్చిన తరువాత మొదట విండోసు అప్‌డేటులో ఐచ్ఛిక సవరణలు అనుచోట చూడవలెను. పిదప తయారుచేసిన సంస్థ యొక్క సొంత స్థలములోనే పాత డ్రైవర్ల విభాగమును చూడవలెను. కంప్యూటరు ప్రసిద్ధ సంస్థ కూర్చినదైనచో ఆ సంస్థ స్థలములో యంత్రము వెనుకనున్న నంబరుతో వెదకవచ్చును. చాలసార్లు క్రొత్తది కాదు, ఆ చిప్పును అంగీకరించిన చివరి డ్రైవరే కావలసినది. 2007 నాటి జీఫోర్స్ 8400 జీఎస్ వంటి కార్డులకు విండోసులో 342వ శ్రేణి కడపటిది. దానికి పైది యెంత క్రొత్తదైనను ఆ కార్డును గుర్తింపదు.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. అన్ని డ్రైవర్లను మేమే వెదకి పెట్టెదమని పిలుచు స్థలములు లెక్కకు మిక్కిలి. వానిలో పెక్కింటి లోపల దొంగ కార్యక్రమములు దాగియుండును. కర్ణునికి శల్యుడు సారథి యయ్యెను. మద్రరాజు అశ్వహృదయమెఱిగిన మేటి. అయినను అతడు ముందే ధర్మజునకు మాట యిచ్చి, పగ్గములు పట్టుకొనియే కర్ణుని తేజమును పలుకులతో చంపెను. సారథి దొరకినాడను సంతోషమున అతడెవరి మనుష్యుడో విచారింపనివానికి అదే గతి. గ్రంథాలయపు కంప్యూటరులో ఊరివారు తమ ఆధారు సంఖ్యలు, బ్యాంకు వివరములు టైపు చేయుదురు. ఒక్క శల్యుడు లోన జొరబడినచో నష్టపడువాడు పింఛను సొమ్ముకై వచ్చిన వృద్ధుడు. అట్టి స్థలములనుండి డ్రైవరు దింపుటకన్న మసక తెరతో చదువుట మేలు.

సంస్థయు నిచ్చుట మానినది, దొంగను నమ్మరాదు; మఱి గతియేమి? దీనికి ఉత్తరము చెప్పుటకు ఒక ప్రింటరు కథ చెప్పవలయును. 1980 ప్రాంతమున అమెరికాలో ఎమ్‌ఐటీ విద్యాలయపు ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అను యువకుడు పనిచేయుచుండెను. పాత ప్రింటరులో కాగితము చిక్కుకొన్నప్పుడు అందఱి తెరలపైకి వార్త పోవునట్లు దాని కార్యక్రమమును ఆయన సవరించియుండెను. తరువాత జీరాక్సు సంస్థనుండి క్రొత్త లేసర్ ప్రింటరు వచ్చినది. దానికిని అట్లే చేయబూనగా మూలపాఠము ఇయ్యబడలేదు. అది కలిగియున్న వేఱొక విద్యాలయపు పండితుని అడుగగా, ఇతరులకు చూపనని మాటయిచ్చితినని ఆయన నిరాకరించెను. యంత్రము తమదే, చెడిపోవుట తమ కండ్లయెదుటనే, బాగుచేయు విద్యయు కలదు; కాని బాగుచేయు హక్కు లేదు. ఆ కష్టమును స్టాల్‌మన్ మఱువలేదు. 1983లో గ్నూ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. ఈ రెండును కూడి నేడు ఎవరైనను చదువవచ్చు, సవరింపవచ్చు, పంచుకొనవచ్చునట్టి వ్యవస్థగా నున్నవి.

అందు పాత కార్డుల సారథులు నేటికిని కొలువుండుట విశేషము. ఏటీఐ సంస్థను ఏఎమ్‌డీ 2006లో కొన్నది. మఱుసటి యేట, 2007 సెప్టెంబరులో, తన రేడియాన్ చిప్పుల లోపలి వివరములను బయటివారికి ఇచ్చుటకు అంగీకరించినది. దాని ఫలమెట్టిదో చూడుడు. 2002లో వచ్చిన రేడియాన్ 9700 జాతికి సంస్థ తన సామాన్య డ్రైవర్లను 2009లో మానుకొన్నది. అయినను లినక్సులోని మీసా అను చిత్రకార్యక్రమ సంపుటి 2022లో మిక్కిలి పాత డ్రైవర్లను కొన్నిటిని ఆంబర్ అను వేఱు శాఖకు పంపినప్పుడు కూడ ఆ జాతి డ్రైవరు ప్రధాన శాఖలోనే నిలిచినది. యజమాని విడిచిన ఇరువదియేండ్ల వస్తువును ఊరివారు కాపాడుకొన్నారన్నమాట.

ఈ చిప్పుల లోకములో తెలుగువారికిని స్థానము కలదు. గోదావరి యొడ్డున కొవ్వూరులో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంజనీరింగు చదివిన కోడూరి రాజా 2001లో ఏటీఐలో చేరెను. నడుమ కొన్నియేండ్లు ఆపిల్ సంస్థలో పనిచేసెను. 2015లో ఏఎమ్‌డీ వారి రేడియాన్ శాఖకు అధిపతి యయ్యెను. ఆ శాఖయే ఆటలు, చిత్రములు వ్రాయువారికై తన సాధనములను బహిరంగముగ నిచ్చు జీపీయూ ఓపెన్ అను ప్రయత్నమును అదే యేడు ప్రకటించినది. 2017లో ఆయన ఇంటెల్‌కు పోయి 2023 వఱకు పనిచేసెను. పల్లెపట్టునుండి పోయినవారు చిప్పులను చేయగలిగినప్పుడు, పల్లెలోనున్నవారు వాని డ్రైవరును వెదకికొనలేకపోరు.

ఎన్‌విడియా కార్డుల చరిత్ర వేఱు. ఆ సంస్థ చాలకాలము తన చిప్పుల రహస్యములను ఇయ్యలేదు. అందుచేత కొందఱు ఔత్సాహికులు 2005, 2006 ప్రాంతమున నూవో అను డ్రైవరును ఆరంభించిరి. నూవో యనగా ఫ్రెంచి భాషలో క్రొత్తది. కార్డుకు పోవు నాజ్ఞలను గమనించి, ఏ యాజ్ఞకు ఏమి జరుగునో పరీక్షించి, ఊహించి, సరిచూచి వారు దానిని వ్రాసిరి. అది 2010లో లినక్సు మూలములో చేరినది. టోర్వాల్డ్స్ 2012లో ఎన్‌విడియాను బహిరంగముగనే దూషించెను. 2022 మే నెలలో ఆ సంస్థ తన డ్రైవరు పాఠములో నొక భాగమును ప్రకటించినది గాని అది 2018లో వచ్చిన ట్యూరింగు జాతికిని, తరువాతివానికిని మాత్రమే. పాతవానికి నేటికిని నూవోయే దిక్కు.

ఈ సందర్భమున అరణ్యపర్వము జ్ఞప్తికి రాకమానదు. నన్నయ భట్టారకుడు దానిని నడుమ విడిచెను. తిక్కన దానిని ముట్టక విరాటపర్వమునుండి సాగించెను. తరువాత ఎఱ్ఱన వచ్చి మిగిలిన భాగమును పూరించెను. అదియు తన పేర గాక నన్నయ పేరనే, రాజరాజ నరేంద్రునకంకితముగనే పూరించెను. ఎఱ్ఱన లేనిచో తెలుగువారి భారతము నడుమ విఱిగిన వంతెనవలె నుండెడిది. సంస్థ నడుమ విడిచిన డ్రైవరును, పేరు రాదని యెఱిగియు, కూలి లేదని యెఱిగియు, రాత్రులు మేలుకొని పూర్తిచేయువారు ఆ యెఱ్ఱన త్రోవలోని వారే.

అయితే సత్యము దాచరాదు. నూవో అనేక కార్డులలో చిప్పును పూర్తి వేగమున పరుగెత్తింపలేదు. పెద్ద యాటలకది చాలదు. గ్రంథాలయపు పనికి, అనగా చదువుటకు, వ్రాయుటకు, దరఖాస్తులు నింపుటకు, సామాన్యముగా చలనచిత్రము చూచుటకు చాలును. ఎన్‌విడియా వారు పాత కార్డులకిచ్చిన 340వ శ్రేణి లినక్సు డ్రైవరు 2019 డిసెంబరుతో ఆగినది. క్రొత్త లినక్సులో దానిని ఎక్కింపబోయి తల బొప్పి కట్టించుకొనుటకన్న నూవోతో తృప్తిపడుట ఉత్తమము.

లినక్సును పరీక్షించుటకు యంత్రములోనిదేమియు చెఱుపనక్కరలేదు. వేఱొక మంచి కంప్యూటరులో దానిని పెన్ డ్రైవుపై నెక్కించి, ఆ పెన్ డ్రైవుతో పాత యంత్రమును మేల్కొలుపవచ్చును. తెర సరిగా నిలిచినదా, తెలుగు అక్షరములు స్పష్టముగ నున్నవా, చిత్రము కదలుచున్నదా యని ఒక పూట చూచి, అన్నియు నచ్చిన పిదపనే లోన స్థాపింపవచ్చును. చేపలు పట్టువారు క్రొత్త వలను ఒకసారి ఒడ్డుననే పఱచి చూచుకొని పడవ యెక్కింతురు. ఇదియు నంతే. స్థాపించుటకు ముందు పాత కాగితములన్నిటిని వేఱుచోట భద్రపఱచుట మఱువరాదు. కేరళ రాష్ట్రపు పాఠశాలలలో పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపైననే నేర్చుకొనుచున్నారు. తెలుగునాట స్వేచ్ఛ యను సంస్థ తెలుగు మాటలతో నడచు వ్యవస్థను రూపొందించినది. కావున ఇది మేధావులకు మాత్రమే చెల్లునను భయము వలదు.

ఒకవేళ ఏదో యవసరమునకు పాత విండోసునే యుంచుకొనవలసి వచ్చినచో, ఆ యంత్రమును ఇంటర్నెట్టునుండి విడదీసి, లోన భద్రపఱచిన పుస్తకములు చదువుటకు మాత్రము వాడుట క్షేమము. సహాయము నిలిచిన వ్యవస్థపై బ్యాంకు పనులు చేయుట తలుపులేని ఇంట ధాన్యము పోయుట. ఇక కార్డే చెడినచో, మదర్‌బోర్డులో సహజముగ చిత్రశక్తి యున్నదేమో చూచి, తీగెను దానికి తగిలించి పని జరుపుకొనవచ్చును. అదియు లేనిచో మాత్రమే విడిచిపెట్టవలెను. అప్పుడు గూడ చెత్తకుప్పలో పాఱవేయరాదు. అందలి సీసము మొదలైనవి నేలను, నీటిని చెఱచును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనల ప్రకారము అనుమతి గల వారికే అప్పగింపవలెను.

ఇంతవఱకు చెప్పినది ఒక్క యంత్రపు సంగతి. గ్రంథాలయము చేయదగిన శాశ్వతమగు పని మఱియొకటి కలదు. గ్రంథాలయమున పుస్తకములకు ప్రవేశపట్టిక యున్నది. ఏ పుస్తకము ఎప్పుడు వచ్చెనో, ఎవరిచ్చిరో అందుండును. యంత్రములకును అట్టి చిట్టా యొకటి తెఱవవలెను. కంప్యూటరు వచ్చిన తేది, కార్డు పేరు, రెండు గుర్తులు, పనిచేసిన డ్రైవరు సంఖ్య, అది దొరకిన స్థలము, ఎక్కించినవారి పేరు, చిక్కు వచ్చినచో అది తీరిన విధము వరుసగా వ్రాయవలెను. పనిచేసిన డ్రైవరును రెండు పెన్ డ్రైవులపై నెక్కించి, ఒకటి బీరువాలోను, ఒకటి కార్యదర్శి కడను ఉంచవలెను. నేడు సంస్థ స్థలములోనున్నది రేపు ఉండునన్న నమ్మకము లేదు. ప్రక్క గ్రామమువారికి ఇదే కార్డు వచ్చినప్పుడు ఆ చిట్టాలోని ఒక్క పంక్తి వారికి మూడు దినముల శ్రమ తప్పించును. తెలిసినవాడు పట్టణమునకు పోయినప్పుడు తెలివియు అతనితో పోకుండ నిలుపునది వ్రాతయే. గ్రంథాలయము పుట్టినది అందుకొఱకే గదా.

క్రొత్త యంత్రము కొనగలవారికి ఈ ప్రసంగముతో పనిలేదు. కొనలేని ఊరిలో ఒక బాలిక పాత కంప్యూటరు ముందు కూర్చుండి, మసకబారిన తెరపై అక్షరములు కూడబలుకుకొనుచు దరఖాస్తు నింపుచుండగా, ఆఖరు తేది దాటిపోయినచో ఆ నష్టమునకు వెల కట్టువారెవరు? ఆమె యెదుట రథమున్నది. గుఱ్ఱములున్నవి. సారథిని వెదకి యిచ్చుట పెద్దల కర్తవ్యము. అది ధనముతో కాదు, ఓపికతోను, నాలుగు స్థానముల గుర్తులు రెండింటితోను జరుగు పని.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొనుగాక. ఆనాటి సభలో ఈ యంత్రముల చిట్టా తెఱచి చదువువారికి ఏ పుటయు ఖాళీగా కనబడకుండుగాక. స్వస్తి.